ఊరూరా మొగుడి పేరు

కుముద్ తాయి, అంటే మా కుముద్ అక్క, మా బస్సు ఎక్కిందంటే డ్రైవరు వెనక కిటికీ సీటు ఆమెదే. దాని గురించి ఎవరూ పేచీ పెట్టరు. పెడితే నాతో పెట్టుకోవాలి. నేను పుణె సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. చిల్లర లేదన్నవాళ్ళతోనూ, మెట్టు మీద వేలాడేవాళ్ళతోనూ జీవితమంతా గొడవ పడ్డ నోరు నాది. ఒక సీటు కోసం నాతో తగువుకు దిగే ధైర్యం మా పేటలో ఏ ఆడదానికీ లేదు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్ళు లాగేవి. అందుకని నెలకో ఆదివారం ఒక మినీ బస్సు మాట్లాడి, మా పేటల్లో ఆడవాళ్ళను పోగేసి, చుట్టుపక్కల చిన్న ఊళ్ళకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున్నే స్వార్‌గేట్ దగ్గర ఎక్కడం, "గణపతి బాప్పా మోర్యా" అని అరవడం, దీపాలు పెట్టే వేళకు తిరిగి రావడం. వాయి, సాస్వడ్, ఫల్టణ్, నారాయణగావ్. ఆ ఊళ్ళలో నది మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకోవాలి, పాత వాడాల, అంటే మండువా లోగిళ్ళ, చెక్క స్తంభాలు చూసి నోళ్ళు తెరవాలి, సంతలో బెల్లమూ చింతపండూ కొనాలి, ఎవరింట్లోనో ముందుగా చెప్పి వండించుకున్న భోజనం తిని, బస్సులో గుర్రు పెట్టాలి. పుణెలో పొయ్యి ముందు నుంచి కదలని ఆడవాళ్ళకు ఆ ఒక్క ఆదివారం అత్తగారు లేదు, మొగుడు లేడు, కుక్కరు కూత లేదు.

మొగుడు లేకపోయినా మొగుడి పేరు మాత్రం ఉండేది. మామూలుగా మొగుడి పేరు నోటితో పలకనివాళ్ళే, "ఏదీ, పేరు చెప్పు" అని ఎవరైనా అంటే చాలు, రెండు ముక్కల పాటలో ప్రాస కుదిర్చి ఆ పేరు ఇరికించి చెప్పేస్తారు. ఇంట్లో పేరంటంలో పెద్దవాళ్ళ ముందు సిగ్గు పడుతూ చెప్పేది, బస్సులో అయితే హద్దూ పద్దూ లేదు. మొగుడి బట్టతల, గురక, పొదుపు అన్నీ ప్రాసలోకి వచ్చేవి. నవ్వి నవ్వి కొందరికి కళ్ళ నీళ్ళు వచ్చేవి.

కుముద్ తాయి బస్సులో చెప్పేది కాదు. "ఊళ్ళో దిగాక చెబుతాలే" అనేది. దిగాక, గుడి మండపంలోనో చెరకు రసం బండి దగ్గరో నలుగురూ తిరిగే చోట నిలబడి, చీర చెంగు భుజం చుట్టూ లాక్కుని, గొంతెత్తి చెప్పేది.

"సాస్వడు సీతాఫలం, గింజలెక్కువ గుజ్జు తక్కువ,
మోరేశ్వర్ శేవాళే గారికి పంతమెక్కువ మాట తక్కువ!"

సీతాఫలాలు అమ్మేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు. పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచే మనిషి. అప్పడాలు ఒత్తి ఒత్తి భుజాలు అలా వంగిపోయాయి. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. ఆ గొంతు ఆ ఒంట్లోంచి వస్తుందంటే నమ్మబుద్ధి కాదు.

మా బస్సులో ప్రమీలా కాకు అని ఒక పిన్నిగారు ఉంది. నోరూరుకోని మనిషి. ఆమె అంది ఒకసారి, "అందరం ఒట్టి పేరు చెబుతుంటే నీకు ఇంటిపేరు కూడా ఎందుకే తాయీ? కోర్టులో బంట్రోతు పిలిచినట్టు? నీ మొగుణ్ణి మేమేమైనా ఎత్తుకుపోతామా?"

"నిన్ను నమ్మలేనే ప్రమీలా. ముందే చెప్పి పెడితే మంచిది," అంది కుముద్ తాయి.

"ఎత్తుకుపోయినా రెండో రోజుకే తెచ్చి అప్పజెబుతాలే. నా వంట తిని నిలిచినవాడు మా ఆయన ఒక్కడే."

అందరికీ కుముద్ తాయి మొగుడు ఇంట్లో ఉన్నాడనే లెక్క. ఆయనకు ప్రయాణాలు పడవు, జనం పడరు అని చెప్పేది. ప్రతి ఊళ్ళోనూ పావుకిలో కోవా పేడాలు కొని "ఆయనకు" అని సంచిలో వేసుకునేది. చూసి మాలో కొందరికి అసూయ కూడా.

నాకు అసలు సంగతి ఆ సాస్వడులోనే తెలిసింది. బయల్దేరే వేళకు మనిషి లేదు. నేను కండక్టర్ని. ఆలస్యమంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈల నోట్లో పెట్టుకుని ఊరంతా వెతికాను. చివరికి బస్టాండు పక్కన మంగలి దుకాణం గుమ్మంలో నిలబడి ఉంది. లోపల మంగలితో అంటోంది, "మోరేశ్వర్ శేవాళే అని. కుడి చెవి దగ్గర కాలిన మచ్చ ఉంటుంది. గడ్డం గీయించుకోవడానికి వచ్చే మనిషి ఎవరైనా..."

నన్ను చూసి ఆగిపోయింది. నేను తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

వెనక్కి నడుస్తూ చెప్పింది. ఆయన ఒక ముద్రణాలయంలో సీసపు అక్షరాలు కూర్చే పని చేసేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని సగం పడిపోయింది. ఇంట్లో ఊరికే కూర్చునేవాడు, ఉన్నట్టుండి విసుక్కునేవాడు. ఒకరోజు పొద్దున చాయ్‌లో పంచదార తక్కువైందన్నాడు. ఆమెకు ఒంట్లో జ్వరం.

"పంచదార ఎక్కడ ఎక్కువ వేస్తే అక్కడికే పోండి, నా ప్రాణం హాయిగా ఉంటుంది అన్నాను షరయూ," అంది. "ఏ ఆడది అనదు చెప్పు? మీ ఆయన్ని నువ్వు అనలేదూ?"

"రోజుకు రెండుసార్లు అనేదాన్ని," అన్నాను. అబద్ధం కాదు.

"ఈయన వెళ్ళిపోయారు. టిఫిను డబ్బా పట్టుకుని పనికి వెళ్ళినట్టే వెళ్ళారు. ఇక రాలేదు."

అప్పటికి అది జరిగి పదిహేనేళ్ళు దాటింది. పిల్లలు లేరు. అత్తింటివాళ్ళు నాలుగు రోజులు వెతికి, నాలుగు మాటలు ఆమెనే అని ఊరుకున్నారు. తర్వాత ఎప్పుడో ఆయనతో పనిచేసిన ఒక ముసలాయన వచ్చి, ఒక చిన్న ఊరి బస్టాండులో మోరేశ్వర్ వడాపావ్ తింటూ కనిపించాడని చెప్పాడు. సతారా వైపు నుంచి వస్తూ బస్సులో కునుకు తీసి లేచాడట ఆ పెద్దమనిషి. కిటికీలోంచి చూశాడు. కళ్ళు నులుముకునేసరికి బస్సు కదిలింది. ఏ ఊరో మాత్రం చెప్పలేకపోయాడు. వాయి కావచ్చు, శిరవళ్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

"ఒక్కదాన్నీ ఊరూరా తిరిగితే ఏమంటారు జనం? ఎవరమ్మా, ఎక్కడినుంచి, నీ మనిషేడి అంటారు. నీ బస్సులో వస్తే ఎవరూ ఏమీ అడగరు," అంది. "పేరు చెప్పే వేడుకలో పేరు చెబితే పిచ్చిదనుకోరు. ఆయన పంతం మనిషి షరయూ, చెడ్డ మనిషి కాదు. పొమ్మన్నది నేను. కాబట్టి పిలవాల్సిందీ నేనే. నా గొంతు ఒక్కసారి చెవిన పడితే చాలు, వచ్చేస్తారు. చూస్తూండు."

నేనేం చూస్తాను? నాకు మంట పుట్టింది. ఒక మాట అన్నందుకు పెళ్ళాన్ని వదిలేసి పోయినవాడి కోసం ఈమె కుంకుమ పెట్టుకుని సంత మధ్యలో పాటలు పాడుతోంది. అలాంటివాడు దొరికితే నేనయితే ఆ ఈలతోనే మొహం పగలగొడతాను. ఆ మాటే అన్నాను కూడా. కుముద్ తాయి నవ్వి, "దొరకనీ, నువ్వు కొట్టేలోపు నేను అడ్డం వస్తాలే," అంది.

"మరి ఆ పేడాలెవరికి?"

"పక్కింటి పిల్లలకు. ఏదో ఒక రోజు నిజంగానే ఆయనకు తీసుకెళ్తాను కదా. అలవాటు తప్పకూడదని."

ఆ తర్వాత నేను ఊళ్ళను ఎంచే పద్ధతి మారింది. చూడ్డానికి ఏముందన్నది పక్కన పెట్టి, సతారా దారికి దగ్గర్లో ఏ చిన్న ఊళ్ళు మిగిలాయన్నదే చూసేదాన్ని. పేరు కూడా వినని ఊళ్ళకు బస్సు తిప్పాను. "ఇదేం ఊరే తల్లీ, చూడ్డానికేముంది?" అని ప్రమీలా కాకు గొణిగితే, "గాలి ఉంది. పీల్చుకో," అనేదాన్ని. మా డ్రైవరు బబన్ మాత్రం ఏదో పసిగట్టాడు. ఏ ఊరెళ్ళినా అడగకుండానే బస్సు తీసుకెళ్ళి బస్టాండు ఎదురుగా ఆపేవాడు.

ఆమె మంగళ్ళను అడిగింది. చాయ్ కొట్లవాళ్ళను, గుడి పూజారులను, సైకిలు బాగుచేసేవాళ్ళను అడిగింది. మగవాడి ఆచూకీ మగవాళ్ళకే తెలుస్తుందని ఆమె లెక్క. మేం భోజనం చేసే ఇళ్ళలో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ ఇళ్ళన్నీ ఆడవాళ్ళ పేర్ల మీదే నడుస్తాయి. ఫలానా కాకు ఇంటి భోజనం, ఫలానా వదిన ఇంటి భోజనం. వండేదీ వడ్డించేదీ వాళ్ళే. ఇంటి మగవాడి పేరు బయటికి రాదు. అతనెవరో, ఉన్నాడో లేడో కూడా మనకు అక్కర్లేదు. ఆ ఒక్క చోట అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనుకుని ఏం లాభం?

ఏళ్ళు గడిచాయి. ఆమె పాటలు మారాయి, పేరు మారలేదు. తిరుగు ప్రయాణంలో కిటికీ అద్దానికి నుదురు ఆనించి కళ్ళు మూసుకునేది. దిగేటప్పుడు అద్దం మీద కుంకుమ మరక ఉండేది. నేను కొంగుతో తుడిచేసేదాన్ని.

పోయిన శ్రావణంలో భోర్ వెళ్ళాం. భోర్ మాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ క్రితం, నాకు కుముద్ తాయి సంగతి తెలిసిన కొత్తల్లో, ఒకసారి వెళ్ళాం. నది ఒడ్డున విమల్ కాకు అనే ఆమె ఇంట్లో భోజనం చేశాం. చేతి వంట అద్భుతం. ఆ ఇంద్రాయణి బియ్యపు అన్నం వాసన నాకు నెల రోజులు ముక్కులో ఉంది. అయితే ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా ఆమె కుదరదనేది. ఒకసారి ఒంట్లో బాగాలేదు, ఒకసారి ఇంట్లో పెళ్ళి, ఒకసారి పొయ్యి కట్టిస్తున్నాం. మేమేమైనా ఎంగిలి చేసి వచ్చామా అని నాకు ఒళ్ళు మండి ఫోను చేయడం మానేశాను. ఈసారి ఎందుకో మళ్ళీ చేస్తే ఒక ఆడపిల్ల ఎత్తింది. "రండి కాకూ, ఎంతమంది? పప్పుచారులో కారం ఎక్కువ వేయమంటారా తక్కువా?" అని గలగలా మాట్లాడి ఒప్పేసుకుంది.

వాన వెలిసి ఊరంతా పచ్చగా ఉంది. వాకిట్లో రేకుల పందిరి కింద వరసగా విస్తళ్ళు వేశారు. ఫోనులో మాట్లాడిన పిల్ల ప్రాజక్త, పందొమ్మిది ఇరవై ఏళ్ళుంటాయి, చెంగు చెంగున తిరుగుతూ నీళ్ళు పెడుతోంది. విమల్ వంటింట్లోంచి పప్పుచారు గిన్నె పట్టుకుని వచ్చింది. నేను పోల్చుకున్నాను. పోయినసారి నుదుట బొట్టుండేది. ఇప్పుడు లేదు. అలాంటివి చూసి కూడా చూడనట్టు ఉండాలి కదా, తల దించుకుని విస్తరి సర్దుకున్నాను. ఆమె మమ్మల్ని చూసి గడపలోనే ఒక్క క్షణం నిలబడిపోయింది. కూతురు చెప్పకుండా ఒప్పుకుందని కోపం కాబోలు అనుకున్నాను.

అన్నం వడ్డించారు. నెయ్యి పడింది. ప్రమీలా కాకు చెయ్యి పైకెత్తి, "ఆగండాగండి. కుముద్ పేరు చెప్పందే ఎవరూ ముద్ద ఎత్తకూడదు," అంది.

"తిననియ్యవే, చల్లారిపోతుంది," అంటూనే కుముద్ తాయి లేచి నిలబడింది. కొంగు లాక్కుంది. నది అవతలికి కూడా వినపడాలన్నట్టు చెప్పింది.

"ఇంద్రాయణి బియ్యపన్నం, పైన నేతి చుక్క,
మోరేశ్వర్ శేవాళే పేరు చెప్పి కొరుకుతా రొట్టె ముక్క!"

చప్పట్లు మోగాయి. విమల్ చేతిలో గరిట నా విస్తరి మీద ఒరిగి పప్పుచారు నేల మీదికి కారింది. ఆమె గిన్నె అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ప్రాజక్త మాత్రం పెద్దగా నవ్వింది. "భలే ఉంది కాకూ! మా నాన్న పేరు కూడా అదే!"

"అదే అంటే? మోరేశ్వరేనా?" అంది ప్రమీలా కాకు.

"ఇంటిపేరు కూడా. ప్రాజక్తా మోరేశ్వర్ శేవాళే. ఉన్నదున్నట్టు అదే."

మా వైపు ఆడపిల్ల పేరు చెప్పిందంటే మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు చెప్పి తీరుతుంది. బడిలో అలాగే నేర్పిస్తారు. ఆ పిల్ల అలవాటుగా గడగడా చెప్పేసింది.

"చూసుకో కుముద్, మీ ఆయన భోర్‌లో ఇంకో కొంప పెట్టినట్టున్నాడు!" అంది ప్రమీలా కాకు. వరసంతా గొల్లుమంది. పాపం ఆమెకేం తెలుసు? అది ఎప్పుడూ వేసే రకం హాస్యమే.

కుముద్ తాయి కూడా నవ్వింది. నిలబడే ఉంది. "మీ నాన్న ఎక్కడున్నారమ్మా?" అని అడిగింది. గొంతులో ఎంత ఆశ ఉందో నాకు ఒక్కదానికే వినపడింది.

"పోయారు కాకూ. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా."

అయ్యో పాపం అన్నారు అందరూ. నాలుకలు చప్పరించారు. చిన్న పిల్లవే తల్లీ అన్నారు. తర్వాత తినడం మొదలుపెట్టారు. అన్నం వేడిగా ఉంది, ఆకలిగా ఉంది, తినక ఏం చేస్తారు?

కుముద్ తాయి విస్తరి దాటి లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

వంటింట్లో విమల్ పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదుటి గోడకు గంధపు చెక్కల దండ వేసిన ఫోటో. కుముద్ తాయి దాని దగ్గరికి వెళ్ళి చూసింది. చెవి దగ్గర మచ్చ ఫోటోలో కూడా తెలుస్తోంది.

"జుట్టంతా పోయిందేమిటి?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు. "ఒత్తయిన జుట్టు ఉండేది."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వాణ్ణి ఈలతో కొడతానన్నదాన్ని, గోడ పట్టుకుని నిలబడ్డాను.

విమల్ తల ఎత్తకుండానే చెప్పుకొచ్చింది. "ఇక్కడ రైసు మిల్లులో పనికి కుదిరారు తాయీ. మా అన్న కూడా అక్కడే. నాకెవరూ లేరు, నీ చెల్లెల్ని ఇస్తావా అని అడిగారట. గుళ్ళో దండలు మార్పించారు. ఒక ఇల్లాలి కొంప కూలుస్తున్నానని అప్పుడు నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు."

"ఎలా పోయారు?"

"ఊపిరితిత్తులు. ఏదో పాత సీసం దుమ్మన్నారు డాక్టర్లు. ఎక్కువ రోజులు పడకెయ్యలేదు."

కుముద్ తాయి చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. "ఇన్నేళ్ళూ ఇది పెట్టుకుని తిరుగుతున్నాను నేను. పోయిన మనిషిని పిలుస్తూ."

"ఉంచుకో తాయీ. చెరుపుకోవడం నా వంతుకొచ్చింది, అది చాలు," అంది విమల్.

ఆ మాటకు కుముద్ తాయి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. బయట ప్రమీలా కాకు ఇంకో రొట్టె అడుగుతోంది. ప్రాజక్త రొట్టెల పళ్ళెం కోసం లోపలికి వచ్చి, మా మొహాలు చూసి గుమ్మంలో ఆగిపోయింది.

కుముద్ తాయి అడిగింది, "మేం ఒకసారి వచ్చాం ఇక్కడికి. నీకు గుర్తుందా విమల్?"

"గుర్తుంది."

"అప్పటికి ఉన్నారా?"

విమల్ పొయ్యిలో చితుకు సర్దింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

"ఆ రోజు ఊళ్ళో లేరని చెప్పు," అన్నాను నేను. గట్టిగానే అన్నాను. మిల్లులో ఉన్నారనో పొలంలో ఉన్నారనో ఏదో ఒకటి చెబితే పోతుంది కదా. విమల్ కూడా అదే చెప్పడానికి నోరు తెరిచినట్టుంది.

"ఉన్నారు కదమ్మా," అంది ప్రాజక్త గుమ్మంలోంచి. ఆ పిల్లకు ఏం చెప్పకూడదో తెలియదు. "పుణె నుంచి బస్సు నిండా ఆడవాళ్ళు వచ్చిన రోజేగా? నాకు బాగా గుర్తు. నాన్నా నేనూ వడ్ల గదిలో ఉన్నాం. బయట ఎవరో గట్టిగా నాన్న పేరు చెప్పారు. నేను నాన్నా, నిన్నే పిలుస్తున్నారు అనబోయాను. నాన్న నా నోరు మూసేశారు. గట్టిగా. నా మొహమంతా తడైపోయింది. ఎందుకు ఏడుస్తున్నావు నాన్నా అంటే, దుమ్ము పడిందన్నారు."

కుముద్ తాయి ఆ పిల్లనే చూస్తోంది. "విన్నారన్నమాట," అంది.

"విన్నారు కాకూ."

"బాగా వినపడిందా?"

"బాగా వినపడింది."

ఆమె తల ఊపింది. నా గొంతు చెవిన పడితే చాలు, వచ్చేస్తారు అని ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు నాతో అని ఉంటుందో! చెవిన పడింది. గోడకు అటు పక్క నుంచి పడింది. మనిషి తలుపు తీయలేదు. తర్వాత అన్ని సంవత్సరాలు ఫల్టణ్‌లో, వాయిలో, పేరు తెలియని ఊళ్ళన్నిటిలో నిలబడి గొంతు చించుకుంది ఈమె. నేనే తీసుకెళ్ళాను. ఫోను చేసినప్పుడల్లా విమల్ ఎందుకు కుదరదనేదో కూడా అప్పుడే అర్థమైంది.

"నాకు ఆ రోజే తెలిసింది తాయీ," అంది విమల్. "పేరు విన్నాను, ఆయన గదిలోంచి రాకపోవడం చూశాను. ఇంకా తెలియకపోవడానికి ఏముంది? కానీ నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ బస్సువాళ్ళకు ఇక వండొద్దు అన్నారంతే. చిన్న పిల్ల ఉంది, అడిగితే ఇల్లేమవుతుందో అని భయం. నన్ను తిట్టు, కొట్టు, నేనేమీ అనను."

"నిన్నెందుకు కొడతానమ్మా?" అంది కుముద్ తాయి. అంతవరకూ ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. అప్పుడు వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకుని, బయటివాళ్ళకు వినపడకుండా, భుజాలు అదిరిపోతూ ఏడ్చింది. విమల్ దగ్గరికి జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తోసేస్తుందేమో అనుకున్నాను. తోయలేదు.

ప్రాజక్తకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. రొట్టెల పళ్ళెం పట్టుకుని మెల్లగా బయటికి వెళ్ళిపోయింది. నవ్వు లేదు మొహంలో.

ఏడుపు తగ్గాక విమల్ అంది, "ఒక్కటి చెబుతాను తాయీ. దాచుకుని ఏం చేసుకుంటాను? మీ బస్సు వెళ్ళాక ఆయన బయటికొచ్చారు. పళ్ళెం పెడితే ముట్టలేదు. చాలాసేపటికి నన్ను అడిగారు. ఆ పొడుగాటి ఆవిడ, ఆకుపచ్చ చీర, కడుపు నిండా తిందా అని."

కుముద్ తాయి కొంగు నోట్లోంచి తీసింది. "అలా అడిగారా?"

"అంతే అడిగారు. ఇంకేమీ అడగలేదు. తింది, అన్నం రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంది అన్నాను. నిజానికి నేను చూడలేదు తాయీ. ఆ మొహం చూడలేక అలా చెప్పేశాను. అది విన్నాకే ముద్ద ఎత్తారు."

కుముద్ తాయి ఫోటో వైపు చూసింది.

"ఆ రోజు సంకష్టి చవితి," అంది. "నేను ఉపవాసం. ఆయన తిరిగి రావాలని ప్రతి సంకష్టికీ ఉండేదాన్ని. నీ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు విమల్."

విమల్ చప్పున లేచింది. కళ్ళు తుడుచుకుని పళ్ళెం కడిగింది. గిన్నెలో మిగిలిన అన్నం అంతా వేసింది, పప్పుచారు పోసింది, నెయ్యి డబ్బా వంచేసింది. పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఇప్పుడు తిను తాయీ. నా ఎదురుగా తిను. నీకు దండం పెడతాను," అంది.

కుముద్ తాయి అన్నం కలిపింది. ముద్ద చేసింది. నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"తిన్నానని ఎవరికి చెబుతావు?" అంది.